రైలు స్టేషనుకు విమానాశ్రయపు వేషమేల?

బెంగుళూరు బైయప్పనహళ్ళిలో వెలసిన రైల్వే టెర్మినలుకు సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి పేరు పెట్టినందుకు మన సంఘములలో కలిగిన సంతోషము ఇంకను చల్లారలేదు. ఏ సభ జరిగినను, ఏ వనభోజనమునకు కూడినను ఆ మాట ఒకసారి రాక మానదు. ఆ మహనీయుని పూర్వులు గిద్దలూరు ప్రాంతపు మోక్షగుండము నుండి మైసూరు సీమకు తరలివచ్చినవారు. మన తాతముత్తాతలును అట్లే కాలినడకనో, ఎడ్లబండ్ల మీదనో వచ్చి ఈ నేలను తమదిగా చేసికొనినవారు. కనుక ఆ పేరు చెవిని పడినప్పుడు మన మనస్సు పొంగుట సహజము. దానిని మేము తప్పు పట్టము. కాని పేరు చూచి మురిసి, కట్టడము చూడకుండ ఇంటికి పోవుట ఆ పేరునకే అగౌరవమని మా దృఢాభిప్రాయము. ఇంజనీరు పేరు పెట్టిన కట్టడమును ఇంజనీరు కన్నుతోనే చూడవలెను గాని, పూలదండ పట్టుకొని వచ్చినవాని కన్నుతో కాదు.

మేము ఇంజనీర్లము కాము. మెట్రిక్యులేషను వరకు చదివి, ఇరువదియేండ్లకు పైగా అంగడి నడపుచున్నవారము. కాని గిడ్డంగి కట్టించినవానికి బరువు ఎక్కడ పడునో, నీరు ఎటు పోవునో, మూట ఏ దారిని వచ్చి ఏ దారిని పోవునో తెలియును. ఈ మూడును తెలిసినచో రైలు స్టేషనును గురించి నాలుగు మాటలు చెప్పుటకు ఆ అర్హత చాలునని తలంచుచున్నాము.

ముందు న్యాయముగా చెప్పవలసినది చెప్పెదము. ఈ టెర్మినలు సుమారు 315 కోట్ల రూపాయల వ్యయముతో నిర్మింపబడినది. 2022 జూన్ 6వ తేదీన ఇచటి నుండి రైళ్ళు నడువ మొదలిడినవి. అదే నెల 20వ తేదీన ప్రధానమంత్రి దీనిని జాతికి అంకితము చేసిరి. ఏడు ప్లాటుఫారములు, వాటిని కలుపు పాదచారుల వంతెన, రెండు సొరంగమార్గములు, లిఫ్టులు, ఎస్కలేటర్లు, వాననీటిని వృథాపోనీయని ఏర్పాటు ఇందు కలవు. వంతెనతో తృప్తిపడక సొరంగమార్గములను గూడ త్రవ్వించినవారిని మనసార మెచ్చుకొనుచున్నాము. ఆ మెప్పునకు కారణము ముందు తెలుపుదుము. హౌరాకు పోవు సూపర్‌ఫాస్టు రైలు ఇచటనే బయలుదేరి విజయవాడ, విశాఖపట్నము, బరంపురము మీదుగా పోవుచున్నది. అనగా కర్ణాటకలోని తెలుగువానిని ఆంధ్రదేశముతోను, ఒడిశాలోని తెలుగువానితోను కలుపు దారి ఇచట మొదలగుచున్నది. ఇది మనకు పరాయి స్టేషను కాదు.

అయితే ఇది దేశమున మొదటి శీతలీకృత రైల్వే స్టేషనని, ఆధునిక విమానాశ్రయపు తీరున కట్టబడినదని ప్రభుత్వమువారు గొప్పగా ప్రకటించిరి. పత్రికలు దానినే చాటినవి. మన సభలలో వక్తలును దానినే వల్లించిరి. మా వివాదమంతయు ఈ మాటతోనే. రైలు స్టేషనునకు విమానాశ్రయము ఆదర్శమెట్లయ్యెను? ఎవరు అట్లు నిర్ణయించిరి? రోజూ రైలెక్కు ప్రజలను ఎవరైన ఒక్కమాట అడిగిరా?

ఈ ప్రశ్న ఒక్క బైయప్పనహళ్ళికే చెందినదైనచో ఇన్ని అక్షరములు ఖర్చు చేయము. ఆ జూన్ 20వ తేదీననే బెంగుళూరు కంటోన్మెంటు స్టేషనును సుమారు 500 కోట్లతోను, యశ్వంతపురము స్టేషనును సుమారు 375 కోట్లతోను తిరిగి కట్టుటకు శంకుస్థాపన జరిగినది. 2023 ఆగస్టు 6న అమృత భారత పథకము క్రింద దేశమున 508 స్టేషనుల పునర్నిర్మాణమునకు 24,470 కోట్ల రూపాయల అంచనాతో ఒకేసారి పునాదిరాయి పడినది. వానిలో మహారాష్ట్రవి 44, ఒడిశావి 25, తమిళనాడువి 18, కర్ణాటకవి 13. కూడి చూడుడు: మనవారు తరతరములుగా కాపురమున్న నాలుగు రాష్ట్రములలో సరిగా నూరు స్టేషనులు! పాపము, యానామునకు రైలే లేదు. అచటివారు కాకినాడకు వచ్చి రైలెక్కవలసినదే. 2025 మే 22 నాటికి దేశము మొత్తముమీద 103 స్టేషనులు ప్రారంభోత్సవము జరుపుకొనినవి. ఒకసారి కాంక్రీటు పోసిన పిదప ఏబదియేండ్లు దానిని మార్చువారుండరు. ఇప్పుడు అడుగనిది మన మనుమలు కూడ అడుగలేరు.

ఇక అసలు విషయమునకు వత్తము. విమానప్రయాణికుడు రెండు గంటలు ముందుగా వచ్చును. వచ్చిన వెంటనే తన పెట్టెను ఇతరులకు అప్పగించి, చేతులూపుకొనుచు కుర్చీలో కూర్చుండును. ఆ విమానమున నూటయేబదిమందో రెండువందలమందో ఉందురు. వారును పిలిచినప్పుడు వరుసగా పోవుదురు. రైలు ప్రయాణికుని సంగతి వేరు. వాడు తన మూట తానే మోయును. ఒక చేత పెట్టె, ఒక చేత బిడ్డ, చంకలో ఊరినుండి తెచ్చిన ఆవకాయ జాడీ, వెనుక కన్నులు సరిగా కనబడని తల్లి. దారిలోని స్టేషనులలో రైలు నిలుచునది రెండు నిమిషములో, అయిదు నిమిషములో. ఒక్కొక్క రైలులో వేయిమందికి పైబడి జనము. అర్ధరాత్రి దిగినవాడు తెల్లవారువరకు ప్లాటుఫారము మీదనే తుండు పరచుకొని పండుకొనును. ఈ ఇద్దరికిని ఒకే అచ్చులో ఇల్లు కట్టుదుమనుట, కిరాణాకొట్టునకు నగలకొట్టు నమూనా తెచ్చినట్లుండును. నగలకొట్టులో సరకు గుప్పెడు. అద్దాలు, దీపములు, చల్లనిగాలి దానికి తగును. కిరాణాకొట్టునకు కావలసినది వెడల్పైన గుమ్మము, సరకు దించు అరుగు, తేమ తగులని నేల. అద్దాల ముఖము పెట్టి గిడ్డంగికి దారి ఇరుకు చేసిన వర్తకుడు ఎన్నాళ్ళు నిలుచును?

కట్టడపు రూపకల్పనలో మొదటి ప్రశ్న, "ఇది ఏ బరువును మోయవలెను?" అని. ఇంజనీర్లు కప్పు బరువును, గాలి ఒత్తిడిని, భూకంపపు ఊపును లెక్క వేయుదురు. నడచు వంతెన మీద కిక్కిరిసిన జనమును చదరపు మీటరునకు సుమారు 500 కిలోలుగా లెక్కగట్టుదురు. ఆ లెక్కలు మన ఇంజనీర్లు బాగుగనే వేయుదురు. కాని రైలు స్టేషను మోయవలసిన అసలు బరువు నిలిచియుండు బరువు కాదు; కదలు బరువు. ఆ కదలికను మోయలేనిచో, దూలములెంత గట్టివైనను స్టేషను విఫలమైనట్లే.

దీనికి రక్తముతో వ్రాసిన సాక్ష్యములు రెండు కలవు. 2017 సెప్టెంబరు 29న ముంబయి ఎల్ఫిన్‌స్టన్ రోడ్డు స్టేషనులో పాదచారుల వంతెన మెట్లమీద త్రొక్కిసలాట జరిగి 23 మంది మరణించిరి. వాన కురియుచుండుటచే జనము కప్పుగల ఆ మెట్లమీదనే నిలిచిపోయిరి. వెనుకనుండి మరియొక రైలు జనము వచ్చి పడెను. 2025 ఫిబ్రవరి 15న కొత్తఢిల్లీ స్టేషనులో 14, 15 ప్లాటుఫారములకు దిగు మెట్లమీద 18 మంది ప్రాణములు కోల్పోయిరి. ఒక ప్రయాణికుని నెత్తిమీది పెద్ద మూట జారిపడుటతో ఆ విపత్తు ఆరంభమైనదని రైల్వే మంత్రి పార్లమెంటునకు తెలిపిరి. పాఠకులు ఒక్కక్షణము నిలిచి ఆలోచింపవలెను. ఈ రెండుచోట్లను వంతెన కూలలేదు. ఒక్క మేకు ఊడలేదు. ఉక్కు నిలిచినది, మనిషి పోయినాడు. మూట మోయు జనము నడచు మెట్లమీద మూట జారునని ముందుగా ఎంచనిచో, ఆ తప్పు మూటదా, మెట్లదా?

మా దుకాణపు లెక్క ఒకటి చెప్పెదము. ఇరువది పెట్టెలు, పెట్టెకు 72 మంది. మొత్తము 1,440 మంది. మెట్ల వెడల్పులో మీటరునకు నిమిషమునకు 30 మంది ఎక్కుదురనుకొందము. రెండు మీటర్ల మెట్లయినచో నిమిషమునకు 60 మంది. అందరును ఎక్కుటకు 24 నిమిషములు. ఆరు మీటర్ల మెట్లయినచో ఎనిమిది నిమిషములు. మొదటి దానిలో 24 నిమిషములు ముగియకమునుపే ప్రక్క ప్లాటుఫారమునకు మరియొక రైలు వచ్చును. అప్పుడు ఎక్కువారును దిగువారును నడిమెట్టున ఎదురుపడుదురు. ముంబయిలోను ఢిల్లీలోను మనుష్యులు పోయినది అట్టి నడిమెట్లమీదనే. "లిఫ్టులున్నవి గదా!" అని కొందరు మాకు బదులు చెప్పుచున్నారు. ఒక లిఫ్టులో 13 మంది పట్టుదురనుకొనినను ఈ 1,440 మందికి 111 సారులు ఎక్కి దిగవలెను; అదియు పెట్టెబేడలు లేనప్పటి మాట. లిఫ్టు వృద్ధులకును, వికలాంగులకును తప్పక కావలసినదే. కాని అది మెట్ల వెడల్పునకు బదులు కాజాలదు. కరెంటు పోయిననాడు అది ఇనుప పెట్టె మాత్రమే.

మెట్లు ఎన్ని యుండవలెనన్నదియు కట్టడపు రూపము మీదనే ఆధారపడియున్నది. పైన విద్యుత్తు తీగలున్న రైలుదారి మీదుగా వంతెన వేయవలెనన్నచో పట్టాలపై ఆరు మీటర్లకు పైగా ఖాళీ వదలవలెను. మెట్టు 15 సెంటిమీటర్ల ఎత్తుదైనచో ప్లాటుఫారము నుండి సుమారు 40 మెట్లెక్కవలెను. అదే పట్టాల క్రిందుగా పోయినచో మనిషి తలకు తగులకుండ రెండున్నర మూడు మీటర్ల ఎత్తు చాలును. మెట్లు సుమారు 30తో సరిపోవును. రైలు ఎత్తైనది, మనిషి పొట్టివాడు. కనుక రైలుపైనుండి పోవుటకంటె రైలుక్రింద పోవుట మోకాళ్ళకు మేలు. బైయప్పనహళ్ళిలో సొరంగమార్గములను మెచ్చుకొన్న కారణమిదియే. కాని సొరంగమార్గమునకు నీరు శత్రువు. 2023 మే 21న బెంగుళూరు నగరపు నడిబొడ్డున కె.ఆర్. సర్కిలు వద్ద వాహనములు పోవు అండర్‌పాసులో వాననీరు నిండి ఒక యువతి ప్రాణము పోయిన సంగతి మనమెవ్వరము మరువలేదు. కనుక సొరంగము త్రవ్వినవాడు నీరు తోడు పంపును, దానికి వేరుగా విద్యుత్తును, దానిని నిత్యము చూచు మనిషిని కూడ ఏర్పాటు చేయవలెను. ఏర్పాటులేని సొరంగము బావి.

అసలు మెట్లే లేని పద్ధతి మన దేశమున నూటయేబదియేండ్ల క్రిందటనే కలదు. చెన్నై సెంట్రల్ 1873లో తెరువబడినది. అచట పట్టాలు అంతమగుచోటనే జనము నడచు విశాలమైన చావడి; దానినుండి ప్లాటుఫారములు వ్రేళ్ళవలె చాచియుండును. బండి దిగినవాడు ఒక్క మెట్టెక్కకుండ తన రైలు వద్దకు నడచిపోవును. హౌరాయును, ముంబయిలోని ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినసును ఇట్టివే. వీధి నేలకును ప్లాటుఫారము నేలకును మధ్య ఎత్తుపల్లము లేకుండ చేయుటయే ఆ పాతవారి నేర్పు. అన్నిచోట్లను అట్లు కట్టుట సాధ్యము కాదని మేమెరుగుదుము. రైళ్ళు ఆగి ముందుకు సాగవలసిన స్టేషనులలో ఇది కుదరదు. కాని క్రొత్తగా టెర్మినలు కట్టునప్పుడైనను ఇది మొదటి ఆలోచన కావలెనా, విమానాశ్రయపు అద్దాల గోడ మొదటి ఆలోచన కావలెనా?

ఇక కప్పు సంగతి. 24 పెట్టెల రైలు పొడవు సుమారు 570 మీటర్లు. మన స్టేషనులలో కప్పు సాధారణముగ ప్లాటుఫారము నడుమ గట్టిగా నుండును; కొసలకు పోవుకొలది పలుచనై, కడకు ఆకాశమే కప్పగును. రిజర్వేషను లేని జనరల్ పెట్టెలు ఎక్కడ నిలుచును? రైలు మొదటను, చివరను. అనగా ఎక్కువ సొమ్మిచ్చినవానికి నీడ, తక్కువ సొమ్మిచ్చినవానికి ఎండయు వానయు. ఇటీవల క్రొత్తరూపు దాల్చిన ఒక స్టేషనులో మేము కన్నులార చూచితిమి. దాని పేరు చెప్పము. ముఖద్వారమునకు పెండ్లిపందిరివలె రంగు దీపములు. ప్లాటుఫారము కొసన జనరల్ పెట్టె కొరకు నిలిచిన కూలిజనము వానలో గోనెసంచులు కప్పుకొనియుండిరి. వారిలో సగముమంది మాటాడినది తెలుగే. ముఖద్వారమునకు పెట్టిన సొమ్ములో పాలు తీసి ఆ కొసను కప్పియుండినచో ఏ అందము చెడియుండును?

కప్పు వేసినంతనే పని ముగియలేదు. ఇప్పుడు వేయుచున్న ఉక్కు కప్పులు స్తంభములు తక్కువై, చూపునకు తేలికగానుండి, జనము నడచుటకు చోటు మిగుల్చును, ఇది మంచిదే. కాని రెక్కలు విప్పినట్లు రెండువైపుల పైకి లేచిన కప్పు, వాననీటినంతయు నడిమి కాలువలోనికే తెచ్చును. ఆ కాలువలో ఆకులు, పావురముల గూళ్ళు అడ్డుపడినచో నీరు నిలుచును. ఒక చదరపు మీటరున ఒక సెంటిమీటరు నీరు నిలిచినచో పది కిలోలు. పది సెంటిమీటర్లయినచో నూరు కిలోలు. అయిదువందల చదరపు మీటర్లలో అట్లు నిలిచినచో ఏబది టన్నులు, అనగా 500 క్వింటాళ్ళు! అయిదు లారీల బియ్యమును నెత్తిపై పెట్టి, క్రింద బిడ్డలను కూర్చుండబెట్టినట్లు. కాలువను శుభ్రపరచుటకు మనిషి ఎక్కు నిచ్చెన, నడచు బల్ల కప్పుతోపాటే కట్టవలెను. కట్టినవారెందరు?

విమానాశ్రయమే ఆదర్శమనువారికి ఒక సంగతి జ్ఞాపకము చేయుదుము. 2024 జూన్ 28న ఢిల్లీ విమానాశ్రయపు మొదటి టెర్మినలు వద్ద, పెద్దవాన కురిసిన వేళ, ముందరి కప్పు కూలి ఒకరు మరణించిరి. అదే సంవత్సరము నవంబరు 1న సెర్బియా దేశములోని నోవిసాద్ పట్టణమున, కొద్దికాలము ముందే మరమ్మతులు ముగిసిన రైలు స్టేషను ముఖద్వారపు కాంక్రీటు చూరు విరిగిపడి 16 మంది పోయిరి. మన దేశముననే 2023 డిసెంబరు 13న బర్ధమాన్ స్టేషను ప్లాటుఫారము మీది పాత నీటితొట్టి కూలి ముగ్గురు చనిపోయిరి. ఒకచోట ఆధునికత, ఒకచోట మరమ్మతు, ఒకచోట ముసలితనము. మూడింటిలోను నేర్చుకొనవలసిన పాఠమొకటియే. ముఖమునకు రంగు వేయువాడు ఎముకలను కూడ పరీక్షింపవలెను.

విశ్వేశ్వరయ్య గారి పేరు ఎత్తినవారు వారి పద్ధతిని కూడ ఎత్తవలసియుండెను. 1908 సెప్టెంబరులో మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచినప్పుడు నిజాము ప్రభుత్వము వారిని పిలిపించినది. వారు నగరమున నది ఒడ్డున గోడ ఎత్తు పెంచి చేతులు దులుపుకొనలేదు. నీరు ఎచట పుట్టుచున్నదో, ఎంత వేగమున వచ్చుచున్నదో ఎగువకు పోయి చూచిరి. దానిని అచటనే పట్టి నిలుపు జలాశయములు కట్టవలెననిరి. 1920లో ఉస్మాన్ సాగరు, 1927లో హిమాయత్ సాగరు అట్లు వెలసినవే. అంతకు ముందు 1903లో పూనా దగ్గర ఖడక్‌వాస్లా ఆనకట్టకు వారు అమర్చిన తలుపులు, నీరు హద్దు మీరినప్పుడు తామే తెరచుకొని, తగ్గినప్పుడు తామే మూసికొనునవి. అట్టి బుద్ధితో స్టేషనును చూచినచో ఏమందురు? జనప్రవాహము ఎచట పుట్టుచున్నది, ఏ వేళ ఎంత వచ్చును, ఎక్కడ ఆగును, హద్దు మీరినప్పుడు ఏ తలుపు దానంతటదే తెరచుకొనును అని అడిగియుందురు. ఆ తరువాతనే అద్దము మాట ఎత్తియుందురు.

ఎగువకు పోయి చూచుట అనగా స్టేషను గేటు వెలుపలికి పోయి చూచుట. బైయప్పనహళ్ళిలో మెట్రో రైలు స్టేషను 2011 అక్టోబరులోనే తెరువబడినది. పదియేండ్లకు పైగా గడచిన పిమ్మట టెర్మినలు తెరచిననాడు ఆ రెంటిని నేరుగా కలుపు కప్పుగల బాట లేకుండెను. రెండును ప్రజల సొమ్ముతో కట్టినవే. రెండును ప్రజలను చేరవేయుటకు కట్టినవే. ఒకరి గీతపటము మరియొకరి బల్లమీదకు పోలేదన్నమాట. ఇల్లు కట్టి, వీధి గుమ్మము ఎటువైపునో మరచినట్లు!

శీతలీకరణమును గురించి ఒక్కమాట చాలును. బెంగుళూరు సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున నున్నది. ఎత్తైన కప్పు, పైన వేడిగాలి పోవు కిటికీలు, ఎండ పడని వసారా ఉన్నచో సంవత్సరమున అధికభాగము ఇచట యంత్రముతో పనిలేదు. అంత సొమ్ముపెట్టి చల్లబరచినది చావడిని; ప్రయాణికుడు రైలు కొరకు నిలువవలసినది ప్లాటుఫారము మీద. యంత్రము కొన్ననాటి ఖర్చు ఒక్కసారితో పోవును. విద్యుత్తు బిల్లు నెలనెలకు వచ్చును. ఈ సంగతి చిల్లర వర్తకునికి గూడ తెలిసినదే.

మన సంఘములలో కొందరు పెద్దలు, "ఈ మెట్లు, కాలువలు మనకేల? స్టేషనులో తెలుగు బోర్డులు పెట్టుమని అడుగుదము, అల్పసంఖ్యాకుల హక్కు అది" అనుచున్నారు. వారిపై మాకు గౌరవము కలదు. భాషపై వారికున్న అభిమానము మాకును కలదు. కాని ఒక్క ప్రశ్న. చిత్తూరు నుండియో, అనంతపురము నుండియో మనుమని చూచుటకు ఒంటరిగా వచ్చు ముసలమ్మకు బోర్డు ఏ లిపిలోనున్నచో ఏమి, ఆమెకు చదువే రానప్పుడు? చదువు వచ్చినను చత్వారము వచ్చినప్పుడు? కన్నడ తెలుగు లిపులు తోబుట్టువులు. కొంచెము కూడబలుకుకొనిన మనము చదువగలము. చదువలేనిది వంకరటింకర దారిని. గుమ్మమున నిలిచినప్పుడు రైలు కనబడు స్టేషను, వెలుగున్న వైపే బయటకు దారియగు స్టేషను, ఎక్కడను రెండు దారులుగా చీలి తికమక పెట్టని స్టేషను ఏ భాషవానికైనను అర్థమగును. బోర్డు కావలెను, కాని బోర్డు లేకున్నను దారి చెప్పు కట్టడము ఇంకను కావలెను. అల్పసంఖ్యాకుల కొరకు కట్టడము చేయగల గొప్ప సేవ అదియే. అది అధికసంఖ్యాకులకును సేవయే గనుక దానిని అడుగుటలో ఎవరితోను వైరము లేదు.

మరికొందరు, "ప్రభుత్వము ఇంత ఇచ్చినప్పుడు వంకలు పెట్టుట కృతఘ్నత" అనుచున్నారు. ఇచ్చినదెవరు? మనము కొన్న ప్రతి టిక్కెట్టులోను, కట్టిన ప్రతి పన్నులోను ఆ 315 కోట్ల చిల్లర కలదు. సరకు కొన్నవాడు తూకము చూచుకొనుట కృతఘ్నత కాదు, వివేకము.

కావున హోసూరు మొదలు కోలారు, బళ్ళారి, షోలాపురము, బరంపురము, పర్లాకిమిడి వరకు గల మన సంఘములన్నియు తమ తమ ప్రాంతపు రైల్వే డివిజను అధికారులకు వినతిపత్రములు పంపవలెనని కోరుచున్నాము. అందు పేర్లు, విగ్రహములు, చిత్రపటములు అడుగవద్దు. ఈ క్రిందివి అడుగుడు. స్టేషను పటమును పునాదికి ముందే స్థానిక భాషలో ప్రజలకు చూపి, ఒక నెల గడువిచ్చి అభిప్రాయములు తీసికొనవలెను. వీధినుండి ప్రతి ప్లాటుఫారమునకు మెట్టులేని దారి ఒకటైన ఉండవలెను. వాలుబాట అయినచో పన్నెండడుగులకు ఒక అడుగు ఎత్తుకంటె నిట్రముగా నుండరాదు. మెట్ల వెడల్పును రెండు రైళ్ళు ఒకేసారి వచ్చినవని, ప్రతివాని చేతను మూట కలదని ఎంచి లెక్కగట్టవలెను. జనరల్ పెట్టెలు నిలుచు కొసలవరకు కప్పు వేయవలెను. కప్పు కాలువలను వర్షాకాలమునకు ముందు శుభ్రపరచిన తేదీని గోడమీద వ్రాయవలెను. పాత తొట్లు, చూరులు, వంతెనలను ఏటేట పరీక్షించి ఫలితమును బయటపెట్టవలెను. ఇవి తీరిన పిదప సొమ్ము మిగిలినచో అద్దాలు పెట్టుకొననిండు, దీపములు వెలిగించుకొననిండు. మేమును వచ్చి చూచి ఆనందింతుము.

వినతిపత్రము వ్రాయుటకు ఇంజనీరింగు పట్టము అక్కరలేదు. మీ ఊరి స్టేషనుకు ఒక ఆదివారము పొండు. గుమ్మము నుండి చివరి ప్లాటుఫారము చివరి కొస వరకు నడువుడు. మెట్లు లెక్కించుడు. మెట్ల వెడల్పు కొలువుడు. కప్పు ఎక్కడ ముగిసినదో గురుతు పెట్టుడు. వానరోజైనచో నీరు ఎక్కడ నిలిచినదో చూడుడు. ఆ నాలుగు అంకెలు కాగితముపై పెట్టి సంఘ కార్యదర్శికి ఇండు. మన తాతలు ఈ నేలకు వచ్చినప్పుడు ఎవరో దారి వేసి పెట్టలేదు; నడచి, కొలిచి, తామే వేసికొనిరి. మోక్షగుండము వారి పేరు గోడమీద నున్నది. వారి కొలబద్ద మన చేతికి రావలెను.